టీసీ := టీసీ

నిన్న సాయంత్రం మా కోడ్‌లోంచి 74 లైన్లు తీసేశాను. అన్నీ దాదాపు ఒకే లైను. టీసీ := టీసీ. కొన్ని చోట్ల టీసీ బదులు ఐ, కొన్ని చోట్ల యూజర్, ఇంకొన్ని చోట్ల జాబ్. ఎడమవైపు ఏ పేరుంటే కుడివైపూ అదే పేరు. గో అనే ఈ ప్రోగ్రామింగ్ భాష రానివాళ్లు చూస్తే ఇదేం కోడ్ అనుకుంటారు. కొత్తగా టీమ్‌లో చేరిన ప్రతి ఒక్కరూ అడిగేవారు, "ఇది ఎందుకండీ, తీసెయ్యొచ్చా?" అని. వద్దని చెప్పడం, ఎందుకు వద్దో బోర్డు మీద గీసి చూపించడం ఏళ్ల తరబడి నా పనుల్లో ఒకటైపోయింది.

నిజానికి 2024 ఫిబ్రవరిలో గో 1.22 వచ్చినప్పటి నుంచి ఆ లైన్లతో పని లేదు. అయినా తీయడానికి నాకు మనసొప్పలేదు. ఆ ఒక్క లైను లేక ఒక రాత్రంతా మేలుకున్నవాళ్లకు నా సంగతి అర్థమవుతుంది.

అప్పట్లో గోలో ఫర్ లూప్ (ఒకే పనిని చుట్లు చుట్లుగా చేసే కోడ్) రాస్తే, లూప్ మొత్తానికీ వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) ఒక్కటే ఉండేది. ప్రతి చుట్టులోనూ అదే వేరియబుల్‌లోకి కొత్త విలువ వచ్చి కూర్చునేది. మామూలు కోడ్‌కు దీనివల్ల ఏ నష్టమూ లేదు. లూప్ లోపల ఒక గోరూటీన్ (మిగతా కోడ్ ఆగకుండా పక్కన విడిగా నడిచే పని) మొదలుపెట్టి, దాంట్లో ఆ వేరియబుల్‌ను వాడినప్పుడే చిక్కు. గోరూటీన్ అసలు పనిలోకి దిగేసరికి లూప్ ముందుకు వెళ్లిపోయి ఉంటుంది, చాలాసార్లు పూర్తయిపోయి కూడా ఉంటుంది. అప్పుడు అన్ని గోరూటీన్లకూ కనిపించేది ఆఖరి విలువే.

నేను రాసిన ఒక సర్వీస్ కస్టమర్లకు మెసేజ్‌లు పంపేది. ఒక్కొక్కరికి ఒక్కొక్క గోరూటీన్. ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోన్ వచ్చింది. ఒకే మనిషికి వరసగా వంద దాటి మెసేజ్‌లు వెళ్లాయి, మిగతావాళ్లలో చాలామందికి ఒక్కటీ అందలేదు. లాగ్ తెరిచి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్రతి కస్టమర్ పేరూ వరసగా కనిపిస్తోంది. కనిపించక ఏం చేస్తుంది, ఆ లాగ్ లైను గోరూటీన్ బయట, లూప్‌లో నేరుగా ఉంది! తప్పు మాది కాదు, మెసేజ్ పంపే సంస్థదే అనుకుని మూడు గంటలు వాళ్ల వెంట పడ్డాను. తెల్లవారుజామున ఎప్పుడో ఆ లాగ్ లైనును గోరూటీన్ లోపలికి జరిపితే గానీ అసలు విషయం తెలియలేదు. సరిచేయడానికి పట్టింది ఒక్క లైను. యూజర్ := యూజర్. ఈ చుట్టుకు నాదంటూ ఒక సొంత కాపీ కావాలి అని చెప్పడం, అంతే.

అది పెద్ద శబ్దం చేస్తూ పగిలిన తప్పు. నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది చప్పుడు చేయనిది.

గోలో టెస్టులు రాసేవాళ్లు చాలామంది కేసులన్నీ ఒక పట్టికలా పేర్చి, వాటి మీద లూప్ తిప్పుతారు. ఒక్కో కేసుకు టీసీ అని పేరు పెడతారు. టెస్టులు త్వరగా అవ్వాలని లోపల పారలల్ అని పిలిస్తే, ఆ చిన్న టెస్టు అక్కడే ఆగి, పెద్ద టెస్ట్ ఫంక్షన్ అయిపోయేదాకా ఎదురుచూస్తుంది. ఆ తర్వాతే అన్నీ కలిసి నడుస్తాయి. అప్పటికి లూప్ ముగిసిపోయింది. టీసీలో ఉన్నది ఆఖరి కేసు. అంటే పన్నెండు కేసులు రాస్తే, పన్నెండుసార్లూ పన్నెండో కేసే పరీక్షకు వస్తుంది. కానీ తెర మీద పన్నెండు పేర్లూ వేర్వేరుగా, సరిగ్గా పడతాయి. ఎందుకంటే పేరును లూప్ తిరిగేటప్పుడే తీసుకుంటారు. పన్నెండు పేర్లు, పన్నెండు పచ్చ టిక్కులు. ఎవరికి అనుమానం వస్తుంది?

గో వెట్ అనే తనిఖీ సాధనం ఇలాంటివి కొన్నింటిని పట్టుకునేది. అయితే తప్పుడు హెచ్చరికలు ఇవ్వకూడదని అది చాలా జాగ్రత్తగా ఉండేది. గోరూటీన్ లూప్‌లో ఆఖరి స్టేట్‌మెంట్ అయితేనే నోరు విప్పేది. దాని కింద ఇంకో లైను ఉంటే ఊరుకునేది. గో అధికారిక ప్రశ్నల పేజీలో ఈ లూప్ సంగతి ఏళ్లపాటు ఒక ప్రశ్నగా ఉంది. అంటే భాష రూపొందించినవాళ్లకు తెలియక కాదు. తెలిసీ ఎందుకు మార్చలేదన్నది నాకు చాలాకాలం కోపం తెప్పించిన ప్రశ్న.

జవాబు 2012 మార్చిలో ఉంది. గో 1 విడుదల చేసినప్పుడు ఒక మాట ఇచ్చారు. గో 1 కోసం రాసిన ప్రోగ్రామ్ తర్వాత వచ్చే గో 1 వెర్షన్లలోనూ అలాగే కంపైల్ అవ్వాలి, అలాగే నడవాలి. ఆ మాటను నమ్ముకునే మా టీమ్ గోలోకి వచ్చింది. నాలుగేళ్ల పాత సర్వీస్‌ను కొత్త వెర్షన్‌తో బిల్డ్ చేసి, ఏ టెన్షన్ లేకుండా డిప్లాయ్ చేసిన రోజులు ఎన్నో. ఇప్పుడు ఫర్ లూప్ అర్థాన్నే మారిస్తే? కోడ్‌లో ఒక్క అక్షరం మారదు, కంపైలర్ ఏ తప్పూ చూపించదు, ప్రోగ్రామ్ మాత్రం వేరేలా నడుస్తుంది. భాషకు చేసే మార్పుల్లో ఇంతకంటే ప్రమాదకరమైనది నాకు తట్టదు. నా కోపం కాస్త తగ్గింది ఇది ఆలోచించాకే.

2022 అక్టోబర్‌లో రస్ కాక్స్ ఈ విషయాన్ని చర్చకు పెట్టారు. అప్పుడు గో టీమ్‌కు సాంకేతికంగా నాయకత్వం వహిస్తున్నది ఆయనే. 2023 మేలో డేవిడ్ చేజ్‌తో కలిసి పూర్తి ప్రతిపాదన రాశారు. ప్రతి చుట్టుకూ వేరియబుల్ కొత్తగా పుట్టాలి. ఇదీ దాని సారాంశం.

నేను దాన్ని మొదటి పేరా నుంచే సమర్థిస్తాననుకున్నాను. కానీ చదివేకొద్దీ ఒకచోట ఆగిపోయాను. జాబితాలోని అంశాల మీద ఒక్కొక్కటిగా తిరిగే రేంజ్ లూప్‌కు ఈ మార్పు సరే. ఐ := 0తో మొదలై ఐ++ తో సాగే మూడు భాగాల ఫర్ లూప్‌కు కూడా ఎందుకు? సీ షార్ప్ భాష 2012లో, తన ఐదో వెర్షన్‌లో, ఇలాంటి మార్పే చేసింది, కానీ రేంజ్ లాంటి ఫర్‌ఈచ్ లూప్ వరకే. మామూలు ఫర్ జోలికి పోలేదు. అక్కడ ఐ ఒక్కటే అన్నది అందరి మనసుల్లో నాటుకుపోయిన విషయం. లూప్ లోపల ఐ విలువను పెంచే కోడ్ ఏమైపోతుంది? నా భయం అది.

జవాబు చిన్నదే. ఒక చుట్టు ముగిశాక, ఐ++ జరగడానికి ముందు, అప్పుడు ఐలో ఉన్న విలువతో కొత్త ఐ తయారవుతుంది. లోపల మీరు ఐని రెండు పెంచితే ఆ రెండూ కొత్తదానికి వెళ్తాయి. జావాస్క్రిప్ట్‌లో లెట్‌తో రాసిన ఫర్ లూప్ కూడా చుట్టుకో వేరియబుల్ ఇస్తుంది. ఒక ఆదివారం మొత్తం కూర్చుని, ఈ కొత్త పద్ధతి వల్ల తప్పుగా నడిచే ప్రోగ్రామ్ రాయాలని చూశాను. ఒక చుట్టులో ఐ అడ్రస్‌ను దాచుకుని తర్వాతి చుట్టులో పోల్చి చూసేలాంటివి, అంటే పనిగట్టుకుని రాసేవి తప్ప ఏవీ దొరకలేదు. నాకు అప్పుడు నమ్మకం కుదిరింది. ఎవరో వాదించి గెలిచినందుకు కాదు, నా చేతులతో విరగ్గొట్టాలని చూసి కుదరక.

ప్రతి చుట్టుకూ కొత్త వేరియబుల్ అంటే మెమరీ ఖర్చు పెరగదా అని కూడా కొందరు అడిగారు. గోరూటీనో, క్లోజరో (బయటి వేరియబుల్‌ను వాడుకునే లోపలి ఫంక్షన్) ఆ వేరియబుల్‌ను పట్టుకుని ఉన్న లూపుల్లో, లేదా దాని అడ్రస్‌ను దాచుకున్న లూపుల్లోనే తేడా ఉండొచ్చు, మిగతా లూపులకు కంపైలర్ అదనంగా ఏమీ కేటాయించదు.

నాకు అన్నిటికంటే నచ్చింది మాట తప్పకుండా మార్పు చేసిన పద్ధతి. ప్రతి గో మాడ్యూల్‌లోనూ గో.మాడ్ అనే ఫైల్ ఉంటుంది, అందులో ఏ వెర్షన్ కోసం రాశారో ఒక లైను ఉంటుంది. ఆ లైనులో 1.22 గానీ అంతకన్నా కొత్తది గానీ ఉంటేనే కొత్త అర్థం. 1.20 అని ఉన్న లైబ్రరీని మీరు వాడుకుంటున్నారంటే, ఆ లైబ్రరీ లోపలి లూపులు పాత పద్ధతిలోనే నడుస్తాయి, మీవి కొత్త పద్ధతిలో. రెండూ ఒకే ప్రోగ్రామ్‌లో కలిసి ఉంటాయి. మరి కొత్త అర్థాన్ని నమ్మి రాసిన కోడ్ పాత కంపైలర్ చేతిలో పడితే? గో 1.21 అలాంటి కోడ్‌ను కంపైల్ చేయనని నిరాకరిస్తుంది. ఆ జాగ్రత్తను 1.20.8, 1.19.13 అనే చిన్న విడుదలల్లోకి కూడా వెనక్కి తీసుకెళ్లి పెట్టారు. ఆ రెండు అంకెలు చదివినప్పుడు నాకు చాలా గౌరవం కలిగింది. అర్ధరాత్రి నాలాంటివాడెవడో పాత కంపైలర్‌తో కొత్త కోడ్ బిల్డ్ చేసి తల పట్టుకోకూడదని ఎవరో ముందే ఆలోచించారు.

2023 మే మొదట్లో గూగుల్ తన లోపలి గో కోడ్ మొత్తాన్నీ కొత్త పద్ధతిలో బిల్డ్ చేయడం మొదలుపెట్టింది. నాలుగు నెలల తర్వాత కూడా ప్రొడక్షన్‌లో సమస్య వచ్చిందన్న మాట ఒక్కటీ రాలేదని సెప్టెంబర్‌లో ప్రకటించారు. మాకు ఆగస్టులో గో 1.21తో అవకాశం వచ్చింది. లూప్‌వార్ అనే ప్రయోగాన్ని ఆన్ చేసి టెస్టులన్నీ నడిపాను. మూడు టెస్టులు ఫెయిలయ్యాయి. బైసెక్ట్ అనే సాధనం ఒక్కోదానికీ కారణమైన లూప్‌ను వేలు పెట్టి చూపించింది. మూడింటిలోనూ టీసీ := టీసీ మర్చిపోయాం. రెండు చోట్ల టెస్టులో రాసిన జవాబే తప్పు. మూడోది అసలైన బగ్. ఖాళీ తేదీ వస్తే ఎర్రర్ ఇవ్వాల్సిన ఫంక్షన్ ఏమీ అనకుండా సున్నా తేదీ ఇచ్చేస్తోంది. ఆ కేసు మా టెస్టులో పదకొండు నెలలుగా ఉంది. పదకొండు నెలలుగా పచ్చ టిక్కే. ఒక్కసారి కూడా నడవలేదు.

ఇదంతా చదివి గో టీమ్ అడిగినవన్నీ ఇస్తుందనుకుంటే పొరపాటు. నేను ఇంతకంటే ఎక్కువ ఆశపెట్టుకున్న ఇంకో మార్పు ఉంది. అది రాలేదు.

గో రాసేవాళ్లకు ఇఫ్ ఎర్ != నిల్ (ఎర్రర్ వచ్చి ఉంటే) అన్న మాట ఊపిరి లాంటిది. ఎర్రర్ ఇవ్వగల ప్రతి పిలుపు కింద మూడు లైన్లు రాస్తాం. ఏటా జరిపే సర్వేల్లో ఇది పైవరస ఫిర్యాదుల్లో ఒకటి. 2018లో చెక్, హ్యాండిల్ అనే రెండు మాటలతో ఒక ముసాయిదా వచ్చింది. అది మరీ చిక్కుగా ఉందని పక్కనపెట్టి, 2019 జూన్‌లో గో సృష్టికర్తల్లో ఒకరైన రాబర్ట్ గ్రీసెమర్ ట్రై అనే ఒకే ఒక్క అంతర్గత ఫంక్షన్‌ను ప్రతిపాదించారు. పిలుపు చుట్టూ ట్రై అని రాస్తే చాలు. ఎర్రర్ వస్తే ఫంక్షన్ అక్కడికక్కడే వెనక్కి తిరుగుతుంది. నేను ఎగిరి గంతేశాను. ఇది ఎందుకు కావాలో చెబుతూ పొడవుగా రాయడానికి కూర్చున్నాను.

ఆయన ప్రతిపాదనతో పాటు ట్రైహార్డ్ అనే చిన్న ప్రోగ్రామ్ కూడా ఇచ్చారు. మీ కోడ్ మీద నడిపితే, ట్రై ఎన్ని చోట్ల పనికొస్తుందో లెక్క చెబుతుంది. నా వాదనకు బలం కోసం దాన్ని నడిపాను. లెక్క నాకు అనుకూలంగానే వచ్చింది. సగానికి పైగా చోట్ల ట్రై సరిపోతుంది. సరే, ఆ చోట్లేమిటో ఒక్కసారి చూద్దామని జాబితా తెరిచాను. చదువుతుంటే అనుమానం మొదలైంది. అవన్నీ ఎర్రర్‌కు ఏ వివరమూ కలపకుండా ఉన్నదున్నట్టు పైకి పంపేసిన చోట్లు. రాత్రి అలారం మోగినప్పుడు "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని ఒక్క ముక్క లాగ్‌లో కనిపించి, ఏ కనెక్షనో, ఎవరు అడిగారో తెలియక మేం వెతుక్కున్నది ఈ చోట్ల వల్లే. ఏ ఫైల్ తెరుస్తుంటే, ఏ ఆర్డర్ సేవ్ చేస్తుంటే ఎర్రర్ వచ్చిందో చెప్పి పంపిన చోట్ల ట్రై పనికిరాదు. అంటే మేం సరిగ్గా రాసిన కోడ్‌కు ఆ మార్పు సాయం చేయదు, సరిగ్గా రాయని కోడ్‌ను ఇంకా సులువు చేస్తుంది. నా సమర్థన సగంలో ఆపేశాను.

ఇంకో అభ్యంతరం కూడా నాకు తర్వాతే బాగా అర్థమైంది. ట్రై లోపల ఇంకో ట్రై, దాని లోపల ఇంకోటి ఒకే లైనులో పేర్చవచ్చు. ఆ లైనులో మూడు చోట్ల ఫంక్షన్ ముగిసిపోవచ్చు, రిటర్న్ అన్న మాట మాత్రం ఎక్కడా ఉండదు. అలసిపోయిన కళ్లతో ఎవరిదో కోడ్ చదివేటప్పుడు నేను మొదట వెతికేది రిటర్న్‌నే. 2019 జులైలో ఆ ప్రతిపాదనను వాళ్లే వెనక్కి తీసుకున్నారు.

అక్కడితో ఆగలేదు. అప్పటి గో టీమ్‌లోని ఇయన్ లాన్స్ టేలర్ ప్రశ్నార్థకం గుర్తుతో మరో రూపం తెచ్చారు, అదీ ఒప్పుదల పొందలేదు. ఆయన ఓపిక గురించి ఒక మాట చెప్పాలి. జెనరిక్స్ (ఒకే ఫంక్షన్‌ను వేర్వేరు టైపుల విలువలకు వాడుకునే వీలు) కోసం ఆయన 2010 నుంచి 2013 మధ్య నాలుగు డిజైన్లు రాశారు. నాలుగూ సరిపోలేదు. చివరికి 2022 మార్చిలో గో 1.18తో జెనరిక్స్ వచ్చాయి. టైప్ పేర్ల చుట్టూ ఏ బ్రాకెట్ పెట్టాలన్నదానికే ఎంత ఆలోచన పట్టిందో! చాలా భాషల్లో వాడే < > గుర్తులు ఎందుకు వద్దన్నారంటే, ఎ, బి = డబ్ల్యూ < ఎక్స్, వై > (జెడ్) అని రాస్తే అవి రెండు పోలికలో, ఒక జెనరిక్ పిలుపో టైపులు తెలియకుండా పార్సర్ (కోడ్ నిర్మాణాన్ని చదివే కంపైలర్ భాగం) తేల్చుకోలేదు. అందుకే చదరపు బ్రాకెట్లు.

2025 జూన్‌లో గ్రీసెమర్ ఒక వ్యాసం రాశారు. ఎర్రర్ల కోసం భాషలో కొత్త వాక్యనిర్మాణం తెచ్చే ప్రయత్నాన్ని కనుచూపు మేరలో ఇక చేయబోమని, కేవలం వాక్యనిర్మాణం గురించిన అలాంటి ప్రతిపాదనలన్నిటినీ విచారించకుండానే మూసేస్తామని అందులో చెప్పారు. చదివినప్పుడు మనసు కాస్త చివుక్కుమంది. ఆరేళ్ల కిందటి ఆ ఉత్సాహం ఇంకా ఎక్కడో మిగిలి ఉంది. కానీ నిర్ణయం సరైనదే అనుకుంటున్నాను. సమస్య ఉందని అందరూ ఒప్పుకున్నారు, పరిష్కారం ఇదేనని తగినంతమంది ఎప్పుడూ ఒప్పుకోలేదు. లూప్ విషయంలో పాత పద్ధతిని నమ్ముకున్న కోడ్ వెతికినా సరిగా దొరకలేదు. ఇక్కడ పాత పద్ధతిని ఇష్టపడి రాసే మనుషులే ఉన్నారు.

ఈ మధ్య నాకూ ఒక ఆలోచన వచ్చింది. ఫంక్షన్ ఇచ్చిన ఎర్రర్‌ను ఎవరైనా అసలు పట్టించుకోకపోతే కంపైలర్ ఒప్పుకోకూడదు. ప్రతిపాదన రాద్దామని గో వాళ్ల నమూనా పత్రం తెరిచాను. అందులో ప్రశ్నలుంటాయి. గోలో మీ అనుభవం ఎంత? ఇంకే భాషలు తెలుసు? ఈ ఆలోచన ఇంతకుముందు ఎవరైనా చెప్పారా? దీనివల్ల ఎవరికి మేలు, ఎందుకు? భాష నేర్చుకోవడం సులువవుతుందా, కష్టమవుతుందా? పాత కోడ్ నడుస్తుందా? దీని ఖర్చేమిటి, ఎన్ని సాధనాలను మార్చాలి?

మొదటి రెండూ గబగబా నింపాను. మూడోదానికి వెతికితే నాకంటే ముందు చాలామంది ఇదే అడిగారని తెలిసింది. సరే, నాది కాస్త వేరు అని సర్దుకుని ముందుకు వెళ్లాను. పాత కోడ్ నడుస్తుందా అన్న దగ్గర ఆగిపోయాను. గోలో అందరూ రాసే మొట్టమొదటి ప్రోగ్రామ్ ఎఫ్ఎమ్‌టీ ప్యాకేజీలోని ప్రింట్‌ఎల్ఎన్‌తో ఒక పలకరింపును తెర మీద వేయడం. ఆ ప్రింట్‌ఎల్ఎన్ కూడా ఒక ఎర్రర్ ఇస్తుంది. దాన్ని పట్టించుకునేవాళ్లు ఎవరూ లేరు, నేనూ ఎప్పుడూ పట్టించుకోలేదు. నా నియమం వస్తే ఆ మొదటి ప్రోగ్రామే కంపైల్ కాదు. ప్రింట్‌ఎల్ఎన్‌కు మినహాయింపు ఇద్దామా? మరి మెమరీలోని బఫర్‌కు రాసే పిలుపులకు? మినహాయింపుల జాబితా రాయడం మొదలుపెడితే పేజీ నిండింది. ఆ జాబితాను భాషలో పెట్టలేం.

పత్రం మూసేశాను. పట్టించుకోని ఎర్రర్లను వెతికి చూపించే ఎర్ర్‌చెక్ అనే లింటర్ (కోడ్‌ను తనిఖీ చేసే సాధనం) ఒకటి ఉంది, ఇలాంటి జాబితాను ఎవరి ప్రాజెక్టుకు వాళ్లు రాసుకోవచ్చు. నిన్న ఆ 74 లైన్లు తీసేశాక దాన్ని మా బిల్డ్‌కు కలిపాను. మొదటిసారి నడిపితే 31 చోట్ల ఆగింది. ఎక్కువ భాగం ఫైల్‌లోకి రాశాక క్లోజ్ అని పిలిచి, అది ఇచ్చే ఎర్రర్‌ను వదిలేసిన చోట్లు. డిస్క్ నిండిపోతే ఆ ఎర్రర్ ఒక్కటే మనకు చెప్పొచ్చు. పదకొండు సరిచేశాను, మిగతా ఇరవై రేపు చూడాలి.